అడుగున పెట్టిన చొక్కా

విజయవాడ

జోజి పంపిన జాబితాలో మొదటి మాట: కాటన్ వద్దు.

మాది నేత కుటుంబం. నాన్న మంగళగిరిలో మగ్గం నేశాడు. నేను ముప్పై నాలుగేళ్ళుగా విజయవాడ వన్‌టౌన్‌లో చేనేత నూలు బట్టలు అమ్ముతున్నాను. ఫోన్‌లో ఆ మాట చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. కింద కారణాలు కూడా రాశాడు. తడిస్తే బరువెక్కుతుంది. తొందరగా ఆరదు. ఒంటికి చలి పట్టిస్తుంది. మూడూ నిజమే. కొట్లో కూర్చుని ఈ మూడు నిజాలూ ఎవరికీ చెప్పిన గుర్తు లేదు.

జోజి ఈత నేర్పే కోచ్. ముప్పై అయిదేళ్ళుంటాయి. అవనిగడ్డ వైపు మనిషి. బ్యారేజీ దిగువ నుంచి నాగాయలంక దాటేదాకా కృష్ణలో నాలుగు రోజులు కయాక్‌ల మీద తీసుకెళ్తాడు. కయాక్ అంటే కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో తోసుకుంటూ పోయే సన్నటి ప్లాస్టిక్ పడవ. రాత్రుళ్ళు గుడారాల్లో పడుకోవాలి. వెంట ఏం తీసుకెళ్ళినా ఆ పడవ వెనక రబ్బరు తాళ్ళ కింద పట్టాలి.

ఈ ఆలోచన నాది కాదు. నా భార్య అనసూయ పోయి అప్పటికి తొమ్మిది నెలలు. ఆమె తమ్ముడు కామేశ్ బ్యాంకులో పని చేస్తాడు. ఆదివారాలు నదిలో తెడ్డు వేస్తాడు. ఒకరోజు కొట్టుకు వచ్చి, "బావా, నాలుగు రోజులు షట్టర్ దించితే కొంప మునగదు. నాతో రా" అన్నాడు. మా వదిన ఒప్పుకోలేదు. సంవత్సరికం కాకుండా తీర్థాలకు వెళ్ళకూడదని మా ఇళ్ళలో పట్టింపు. "ఇది తీర్థం కాదు అక్కయ్యగారూ, ప్లాస్టిక్ పడవ" అన్నాడు కామేశ్. ప్లాస్టిక్ పడవ తీర్థం కిందికి వస్తుందో రాదో ఆవిడ లెక్క వేసుకుంటోంది. ఆ సందులో నేను సరేనన్నాను.

బీసెంట్ రోడ్డులో బట్టలు కొన్నాం. పూర్తి చేతుల పాలియెస్టర్ టీ షర్టులు రెండు, ఒకటి మూడువందల తొంభై తొమ్మిది. పడవలో వేసుకోవడానికి ఒక పల్చటి నిక్కరు. రాత్రికి ఒక ట్రాక్ ప్యాంటు, ఒక పొడి చొక్కా. గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూశాను. చేతికి ఏమీ తెలియలేదు.

"ఉతకక్కర్లేదంకుల్. దులిపితే చాలు" అన్నాడు సేల్స్‌మన్.

"దులపడం కూడా నేర్పిస్తావా?" అన్నాడు కామేశ్. "మా బావ ఇంతవరకు తన చొక్కా తనే దులుపుకోలేదు."

నిజమే. కొట్లో రోజుకు వంద చీరలు విప్పి మడతపెట్టేవాణ్ణి. ఇంట్లో నా చొక్కా ఒక్కటి నేను మడతపెట్టలేదు. ఆదివారం మధ్యాహ్నం అనసూయ గంజి వార్చి, గుడ్డలో వడగట్టి, నీళ్ళు కలిపి, చిటికెడు నీలిమందు వేసి నా తెల్ల చొక్కాలు ముంచేది. సాయంత్రం నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసేది. ఉదయం చేయి దూర్చుతుంటే, అతుక్కున్న గుడ్డ విడిపోయే చప్పుడు వచ్చేది.

ఆమె ఒక బుధవారం పోయింది. ముందు ఆదివారం గంజి పెట్టిన చొక్కాలు ఏడు బీరువాలో ఉన్నాయి. పదకొండో రోజున ఆమె చీరలు అందరికీ పంచారు. చొక్కాలు నావి కాబట్టి వాటి జోలికి ఎవరూ పోలేదు. నేనూ పోలేదు. కొట్టు మళ్ళీ తెరిచాక రోజుకొకటి తీసి వేసుకున్నాను, విప్పి లాండ్రీకి వేశాను. ఆరు అయిపోయి ఏడోదాని మీద చేయి పడినప్పుడు గానీ నాకు తట్టలేదు. దాన్ని వెనక్కి తోసేశాను. అప్పటినుంచి అది అక్కడే ఉంది.

నేను సరుకు కోసం ఊళ్ళు తిరిగినన్నాళ్ళూ సంచి సర్దింది ఆమే. అన్నిటికన్నా అడుగున ఒక గంజి చొక్కా పెట్టేది. అది చివరి రోజుకి. "దారిలో ఎలా తిరిగినా ఎవరు చూడొచ్చారు. ఇంటికి మాత్రం మనిషిలా రావాలి" అనేది. మొదటిసారి నా సంచి నేను సర్దుకున్నాను. నేలమీద జాబితాలోవన్నీ పరిచాను: రెండు జతల బట్టలు, మడమ దగ్గర పట్టీ ఉన్న చెప్పులు, టోపీ, నుదుటికి కట్టుకునే లైటు, దోమల మందు, ఉప్పు పంచదార పొట్లాలు, రక్తపోటు మాత్రలు, తుండు. తుండు నూలుదే. జోజిని అడిగితే, "తుండు లెక్కలోకి రాదండి" అన్నాడు.

అన్నీ పెట్టబోయే ముందు లేచి వెళ్ళి బీరువాలోంచి ఏడో చొక్కా తెచ్చి అడుగున పెట్టాను. ఎందుకని అడిగితే అప్పుడు ఏమీ చెప్పలేకపోయేవాణ్ణి. సంచి సర్దడమంటే నాకు తెలిసింది అదొక్కటే.

బ్యారేజీ దిగువ

నీళ్ళు దూరని సంచి రబ్బరు గుడ్డతో చేసింది. దానికి జిప్పు ఉండదు. జోజి రేవులో ఇసుక మీద మోకాళ్ళేసి మూయడం చూపించాడు.

"గాలి తీసేయాలి సార్. మూతి రెండు పెదాలూ కలపాలి. ఇప్పుడు చుట్టాలి. ఒకే వైపుకి. ఒకటి, రెండు, మూడు. ఆ తర్వాత క్లిప్పు."

నేను చేశాను. అతను చూసి, విప్పి, నా చేతికే ఇచ్చాడు. "మీరు చుట్టట్లేదండి. మడతపెడుతున్నారు."

చూసుకుంటే నిజమే. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి, చీర కుచ్చిళ్ళలాగా మడిచాను. నా చేతులకు తెలిసిన మడత అదే. చీరను చుట్టరు. చుట్టిన చీర కొనడానికి ఎవరూ రారు.

"అలా మడిస్తే మడతకీ మడతకీ మధ్య సందు ఉంటదండి. నీళ్ళకి అది చాలు" అన్నాడు జోజి. చివరికి తనే చుట్టాడు.

కామేశ్, నేను ఒక జంట పడవలో. జోజి ఒంటరి పడవలో. మొదటి గంట నా తెడ్డు వెనక కూర్చున్న కామేశ్ తెడ్డుకు తగులుతూనే ఉంది. "బావా, ఇది చీరలు విసరడం కాదు. నిదానం" అంటూ వచ్చాడు. వెనక్కి చూస్తే బ్యారేజీ గేట్లు చిన్నవయ్యాయి. ముప్పై నాలుగేళ్ళుగా ఆ బ్యారేజీ మీదుగా వెళ్తున్నాను. కింద నుంచి ఎన్నడూ చూడలేదు.

తోట్లవల్లూరు ఎదుట లంక

సాయంత్రానికి ఒక లంకకు చేరాం. నది మధ్య ఒండ్రు మేట వేసి ఏర్పడిన నేల అది. అరటి, పసుపు, కంద వేస్తారు. దారిలో రెండు చోట్ల నీళ్ళు చాలక పడవలను ఇసుక మీద లాక్కుంటూ నడిచాం. రెండోచోట నా కుడి చెప్పు బురదలో దిగబడిపోయి తిరిగి రాలేదు. మోచేతి దాకా చేయి పెట్టి వెతికాను.

కంద తోటకు కాపలా ఉన్న రైతు గుడిసె దగ్గర గుడారాలు వేసుకోనిచ్చాడు. అరవై దాటిన మనిషి. పడవల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఎక్కడికండీ?"

"నాగాయలంక."

"బస్సులున్నాయి గదండీ?"

"ఉన్నాయండి. మేం కావాలనే ఇలా వెళ్తున్నాం."

"గవర్మెంటు పనా? రోజుకెంతిస్తారేంటి?"

"ఇవ్వరండి. మేమే ఇచ్చాం."

ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వి లోపలికి వెళ్ళి, ఒక అత్తం చక్కరకేళీ అరటిపళ్ళు తెచ్చి మా ముందు పెట్టాడు. "తినండి పాపం" అన్నాడు. డబ్బిస్తే పుచ్చుకోలేదు. డబ్బిచ్చి కష్టపడే వాళ్ళ దగ్గర తీసుకోకూడదన్నాడు.

పాలియెస్టర్ గురించి నిజం చెప్పాలి. తడిసిన టీ షర్టు ఒంటిమీదే ఆరింది. నేను అమ్మే ఏ చొక్కా అలా ఆరదు. కానీ చీకటి పడేసరికి అది వాసన కొట్టడం మొదలైంది. నూలు చెమటను తాగి వదిలేస్తుంది. ఇది దాచుకుంటుంది. పొడి చొక్కా వేసుకుని, సంచి అడుగున చేయి పెట్టి చూశాను. గంజి చొక్కా కాలరు వేళ్ళకు గట్టిగా తగిలింది. తీయలేదు. సంచి మూతి కూడదీసి జోజికి ఇస్తే అతను చుట్టి క్లిప్పు పెట్టాడు.

శ్రీకాకుళం, చల్లపల్లి

పడవ ప్రయాణంలో ఒక నియమం ఉంది. రాత్రి వేసుకున్న పొడి బట్టలు ఉదయం విప్పేసి భద్రంగా దాచాలి. రాత్రి మంచుకు తడిసిన నిన్నటి బట్టలే మళ్ళీ వేసుకోవాలి. పొడివి కూడా తడిపితే ఆ రాత్రికి ఏమీ మిగలవు. జాబితాలో ఇది ఒక్క వాక్యం. చేయడం వేరు. చల్లటి తడి గుడ్డలోకి తల దూర్చినప్పుడు, పదో రోజు కర్మలో రేవు మెట్ల మీద తడి పంచెతో కూర్చోవడం గుర్తొచ్చింది. మా ఇళ్ళలో మనిషి తెలిసి తెలిసి తడిబట్ట కట్టేది అప్పుడే. ఆ రోజు ఒక్కరోజు. ఇక్కడ రోజూ. మూడో ఉదయానికి అలవాటైంది. అలవాటవడం నాకు నచ్చలేదు.

రెండో రోజు శ్రీకాకుళం రేవులో ఆగాం. ఉత్తరాంధ్ర పట్నం కాదు, ఇది కృష్ణ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. చెప్పుల కోసం కామేశ్, నేను ఆటోలో చల్లపల్లి వెళ్ళాం. నా కాళ్ళకు ఒక చెప్పే ఉంది. ఆటోలో పక్కన కూర్చున్న పెద్దావిడ అదే చూస్తూ వచ్చింది. దిగేటప్పుడు, "రెండోది ఎవరన్నా ఎత్తుకుపోయారా నాయనా? గుడికెళ్ళారా?" అంది.

"కృష్ణమ్మ తీసుకుందండి" అన్నాడు కామేశ్.

"ఒక్కటే తీసుకుందా? చిత్రంగా ఉందే" అనుకుంటూ వెళ్ళిపోయింది.

పట్టీ చెప్పులు రెండువందల ఎనభై. పక్కనే బండి మీద పునుగులు, ప్లేటు ఇరవై. విజయవాడలో పల్లీ చట్నీ పోస్తారు. ఇక్కడ దాని మీద అల్లం పచ్చడి కూడా వేశారు. కామేశ్ రెండు ప్లేట్లు తిని మూడోదానికి చేయి చాపి, ఆగి, "అక్కకి పునుగులంటే..." అని మానేశాడు. ఆ వాక్యం నాకు తెలుసు. తిరుగు ఆటోలో కొత్త చెప్పుల పట్టీలు బిగించుకుంటూ కూర్చున్నాను. అతనికీ ఒక అక్క పోయిందని ఆ తొమ్మిది నెలల్లో నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్క వేసుకుంటే చాలా తక్కువ.

పులిగడ్డ దగ్గర

మూడో రాత్రి గుడారం వేయలేదు. పులిగడ్డ వంతెన కనిపించే ఊళ్ళో జోజి మేనత్త మరియమ్మగారి ఇల్లు ఉంది. వాళ్ళు క్యాథలిక్కులు. సమాధుల పండగ అయి నాలుగు రోజులైందట. ఇంటికి వెళ్ళే దారిలోనే సమాధుల దొడ్డి. కొత్తగా సున్నం వేసిన సిలువలు, కరిగిపోయిన కొవ్వొత్తుల మొదళ్ళు, వాడిన బంతిపూలు. మరియమ్మగారు మమ్మల్ని నేరుగా ఇంటికి తీసుకెళ్ళకుండా ముందు అక్కడ ఆపింది. "ఈయనే మా ఆయన" అని ఒక సమాధిని చూపించింది, పరిచయం చేసినట్టు. కామేశ్ తెలియకుండానే నమస్కారం పెట్టాడు.

మాకు అలాంటి చోటు ఉండదు. మూడో రోజుకే అస్థికలు నదిలో కలిపేస్తాం. ఫలానా చోట ఉంది అని చేయి చూపించి చెప్పడానికి ఏమీ మిగలదు. ఏది మంచిదో నాకు తెలియదు. ఆవిడ ఆ సిలువ మీద పడిన ఆకును తీసి పారేయడం మాత్రం చూస్తూ నిలబడ్డాను.

రాత్రికి అన్నం, దోసకాయ పప్పు, ఎండురొయ్యల వేపుడు. తిన్నాక వరండాలో సంచి తెరిచి చొక్కా చూసుకుంటున్నాను. ఈసారి బయటికి తీశాను.

"పెళ్ళేమన్నా ఉందా బాబూ?" అంది మరియమ్మగారు.

చెప్పాను. ఎందుకో ఆవిడకు మొత్తం చెప్పాను, ఏడు చొక్కాలు, ఆరు వేసుకోవడం, అన్నీ. కామేశ్ అప్పుడు బయట జోజితో పడవలు కడుగుతున్నాడు.

ఆవిడ చొక్కాను ముట్టుకోలేదు. "మా ఆయన్ని కొత్త బట్టలతో పెట్టెలో పెట్టాం. పాతవన్నీ పంచేశాను. ఒక్క బనీను తలగడ కింద పెట్టుకున్నాను. ఆర్నెల్లకి వాసన పోయింది. ఆ తర్వాత దాంతో లాంతరు తుడిచాను" అంది. నా చేతుల్లోని చొక్కా వైపు చూసి, "దాన్ని పడవలో తెచ్చారేం బాబూ? ఇంట్లో పెట్టుకోవాల్సింది" అంది.

అందులో తప్పు పట్టడం లేదు. అయినా నేను త్వరత్వరగా చొక్కా లోపల పెట్టి మూతి మూశాను. నేనే మూశాను. ఉదయం జోజి లేచేసరికి సంచి పడవ వెనక తాళ్ళ కింద కట్టేసి ఉంది. అతను మిగతా సంచులు చూశాడు. క్లిప్పు పడి ఉందని దీన్ని చూడలేదు.

నాగాయలంక దాటాక

అక్కడ నది చీలిపోతుంది. ఒడ్డున మడ చెట్లు, నీళ్ళలో సముద్రపు పోటు. మధ్యాహ్నం ఒక చేపల మోటారు బోటు మా పక్కనుంచి వేగంగా పోయింది. దాని అల పక్కనుంచి వచ్చి తగిలింది. జోజి "ముక్కు తిప్పండి, అలకి ఎదురు తిప్పండి" అని అరిచాడు. కామేశ్ ఎడమకు వేశాడు, నేను కుడికి వేశాను. పడవ బోర్లా పడింది.

ప్రమాదమేమీ లేదు. లైఫ్ జాకెట్లు ఉన్నాయి. నీళ్ళు ఛాతీ లోతే. నోట్లోకి పోయిన గుక్క ఉప్పగా ఉంది. జోజి వచ్చి పడవను తిప్పడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ వెనక కట్టిన సంచులు నీళ్ళలో తలకిందులుగా ఉన్నాయి. నాకు వేరే ఏదీ తోచలేదు. చొక్కా, చొక్కా అని మాత్రం అనుకున్నాను. పైకి అనలేదు.

ఒడ్డుకు చేరి సంచులు దించాం. జోజివి, కామేశ్‌వి పొడిగా ఉన్నాయి. నా సంచిని ఎత్తితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వచ్చింది. జోజి మూతి విప్పబోయి ఆగాడు. ముందుకొకటి, వెనక్కొకటి, నీటుగా మడతలు. అతను నా వైపు చూడకుండా, "నేను చూడాల్సింది సార్" అన్నాడు.

కామేశ్ ఒక్కొక్కటీ తీసి పిండాడు. ట్రాక్ ప్యాంటు, తుండు, మాత్రల పొట్లం. చివర అడుగున చేయి పెట్టి తెల్ల చొక్కా తీశాడు. కాలరు వేలాడింది. జేబు మీద బురద.

"ఇదేంటి బావా, కాటన్ తెచ్చావు?"

అతను దాన్ని విప్పి చూశాడు. వీపు మీద ఇస్త్రీ గీత ఇంకా సన్నగా ఉంది.

"అక్క చేసిందా?"

"ఆఖరిది."

"దీన్ని... పడవలో?" అతని గొంతు పెరిగింది. "నీకు బుద్ధుందా బావా? బీరువాలో పెట్టుకోక?"

"అడుగున పెట్టాను. చివరి రోజుకి."

అతనికి ఆ అలవాటు తెలుసు. చిన్నప్పుడు అతని హాస్టల్ పెట్టె సర్దింది కూడా ఆమే. చొక్కాను పిండకుండా రెండు చేతుల మీద వేసుకుని నిలబడ్డాడు. తర్వాత నాకిచ్చి నీళ్ళ వైపు తిరిగి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

ఆ రాత్రికి మా బస నాగమణి అనే ఆవిడ గుడిసె ముందు. చేపలు పట్టే కుటుంబం. ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి. వాకిట్లో వలలకు కట్టిన తాడు మీద చొక్కా ఆరేశాను. ఉప్పు గాలి, మంచి ఎండ. గంటలో సగం ఆరింది. దగ్గరికి వెళ్ళి కాలరు పట్టుకుంటే గట్టిగా నిలబడింది. గంజి ఉండిపోయిందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కాలరు అంచు నాలుకకు తాకించి చూశాను. ఉప్పు.

గంప మోసుకొస్తున్న నాగమణి అది చూసింది.

"బట్టలు నాకుతున్నారేంటండీ? ఆకలేస్తే చెప్పండి, అన్నమవుతంది."

జోజి నవ్వాపుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది, సిగ్గుతో.

"ఉప్పుకి బట్ట బిరుసెక్కిందండి" అన్నాను.

"ఎక్కదా మరి? అట్టా వదిలేస్తే నాలుగు రోజుల్లో పిగిలిపోద్ది. నూలు గదా. మా ఇంట్లో ఏ నూలు బట్టా ఏడాది ఆగదు. మంచినీళ్ళలో జాడించేయండి."

"వద్దులెండి. ఇంటికెళ్ళాక చూస్తాను."

ఆవిడ వినలేదు. మూత పెట్టిన నీలం డ్రమ్ములోంచి అర బకెట్ నీళ్ళు ముంచి నా ముందు పెట్టింది. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడతాయి. మంచినీళ్ళు ట్యాంకరులో వస్తాయి, అదీ మూడు రోజులకోసారి. నలుగురున్న ఇంటికి ఆ డ్రమ్మే ఆధారం. మర్నాడు ఉదయం మేము ముఖాలు కడుక్కోవడానికి కూడా ఆ నీళ్ళు అడగలేదు.

నేను బకెట్ ముందు నిలబడే ఉన్నాను. ఉప్పు ఉంచితే గుడ్డ పోతుంది. కడిగితే ఆమె పెట్టిన గంజిలో ఇంకా ఏమన్నా మిగిలి ఉంటే అది పోతుంది. బట్టల వ్యాపారిని, దారం సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"చూస్తారేం? ఇంట్లో ఆవిడ ఉతుకుద్దా మీకు?" అంది నాగమణి.

"ఆవిడ లేదమ్మా. పోయింది."

గంప దించింది. నా ముఖం చూసింది. జాలి మాటలేమైనా అంటుందనుకున్నాను.

"అయితే మీరే ఉతకాలి గదా" అంది.

కూర్చున్నాను. చొక్కాను నీళ్ళలో ముంచాను. చేతులకు తెలియని పని. కామేశ్ కాస్త దూరంలో నిలబడి చూస్తున్నాడు, రాలేదు. చేతులు, వీపు, కాలరు ఒక్కొక్కటీ మెల్లగా నలిపాను. నీళ్ళు కొంచెం తెల్లబడ్డాయి. బియ్యం రెండోసారి కడిగినప్పుడు ఉండేంత. చేయి ఆపి చూశాను. కాసేపటికి ఆ తెలుపు బురదతో కలిసిపోయింది. చొక్కా పైకి తీస్తే మెత్తగా, బరువుగా ఉంది. పిండి తాడు మీద వేశాను.

బకెట్ ఏం చేయాలో తెలియక పట్టుకుని నిలబడితే, "పారబోయకండి, ఇటివ్వండి" అని నాగమణి తీసుకుంది. ఆ నీళ్ళతో చేపల గంప కడిగింది. మిగిలినవి గడప ముందు కాళ్ళ మీద పోసుకుని లోపలికి వెళ్ళి, అన్నం వార్చింది.

తిరుగు బస్సు

ఉదయం నా దగ్గర ఉప్పు పట్టని చొక్కా అదొక్కటే. వేసుకున్నాను. చేయి దూర్చుతుంటే చప్పుడు రాలేదు. ముడతలున్నాయి, కాలరు పడిపోయింది, జేబు మీద మరక పోలేదు. కామేశ్ చూశాడు. నా పై బొత్తం పెట్టి, కాలరు సరిచేయబోయి, అది నిలవదని తెలిసి చేయి తీసేశాడు. జోజి పడవలను ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళాడు. మేము అవనిగడ్డలో విజయవాడ బస్సెక్కాం. కామేశ్ నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి తను నా భుజం మీద పడి నిద్రపోయాడు.

ఇంటికి చేరి తాళం తీశాను. చివరి రోజు చొక్కాతోనే వచ్చాను. చూసి చెప్పేవాళ్ళు లేరు.

వెళ్ళాలనుకునేవాళ్ళు నన్ను ఏం పట్టుకెళ్ళాలని అడుగుతున్నారు. వానలు వెనకపట్టాక వెళ్ళండి, నదిలో పడవ తేలేంత నీళ్ళుంటాయి. పాలియెస్టర్ జతలు రెండు, రాత్రికి పొడి జత ఒకటి. పట్టీ చెప్పులు రెండు జతలు. లంకల్లో మంచుకి తలకు కట్టుకోవడానికి ఏదైనా. నాగాయలంక దాటితే ఎవరి మంచినీళ్ళు వాళ్ళు మోసుకెళ్ళండి. అక్కడివాళ్ళు అడక్కపోయినా ఇస్తారు. ఒక తుండు. నూలు వద్దనే చెప్తున్నాను, అమ్మేవాణ్ణి అయినా.

సంచి మూతిని మడవకండి. ఒకే వైపుకి మూడుసార్లు చుట్టండి. పక్కన ఎవరైనా ఉంటే ఒకసారి చూసి పెట్టమనండి.